డమ్మీ రన్ లేని నివేదిక మీద సంతకం పెట్టకండి

కొత్త రకం ఉష్ణ యంత్రాలను పరీక్షించమని పిలుపు అందుకునే ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులకు, చార్టర్డ్ ఇంజనీర్లకు, ఇంక్యుబేటర్ల సాంకేతిక కమిటీల సభ్యులకు

నమస్కారం.

ఒక వంతు కరెంటు తీసుకుని మూడు వంతుల వేడి ఇస్తుందనే యంత్రం ఒకటి మీ ముందుకు వస్తుంది. అది నికెల్ పొడి, హైడ్రోజన్ నింపిన గొట్టం కావచ్చు, భారజలంలో (హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీటిలో) ముంచిన పల్లాడియం కడ్డీ కావచ్చు, నీటిని చిలికి కాచే రోటర్ కావచ్చు. తెచ్చినవారు చాలాసార్లు నిజాయితీపరులే. తమ మీటర్లు చూపిన అంకెలను తామే ముందు నమ్మినవారు. వాళ్ల తరువాత ఆ అంకెలను నమ్మి డబ్బు పెట్టేవారు, కాలేజీ మానేసి ఆ పనిలో చేరే కుర్రవాళ్లు మాత్రం మీ సంతకాన్ని చూసే వస్తారు. కాబట్టి ఆ సంతకానికి ముందు ఒక షరతు పెట్టమని అడుగుతున్నాం.

అదే యంత్రం, అదే ఆకారం, అవే గొట్టాలు, అవే మీటర్లు ఉంచి, లోపలి 'రహస్య పదార్థం' స్థానంలో మామూలు హీటర్ కాయిల్ పెట్టించండి. అసలు పరీక్షలో యంత్రం ఎంత వేడి ఇస్తుందని చెబుతున్నారో అంత వాటేజీ వరకు దాన్ని నడపండి. వెళ్లిన కరెంటు, వచ్చిన వేడి సమానంగా తేలాలి. తేలకపోతే తప్పు మీ కొలతలో ఉంది, యంత్రం గురించి మాట్లాడే సమయం ఇంకా రాలేదు. దీన్నే డమ్మీ రన్ అంటున్నాం. గత మూడున్నర దశాబ్దాల్లో 'కోల్డ్ ఫ్యూజన్' (మామూలు పరికరంలోనే అణు కేంద్రకాలు కలిసి వేడి పుడుతుందనే వాదన) లాంటి పేర్లతో వచ్చిన పేరుమోసిన వాదనలు చాలావరకు తడబడింది ఇక్కడే.

లుగానో సంగతే చూడండి. ఇటలీ ఆవిష్కర్త ఆండ్రియా రోసీ తయారుచేసిన 'ఇ-క్యాట్' అనే నికెల్, హైడ్రోజన్ రకం గొట్టాన్ని 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్విట్జర్లాండ్‌లోని ఆ ఊళ్లో ఇటలీ, స్వీడన్ శాస్త్రవేత్తలు 32 రోజులు నడిపి చూశారు. ఇచ్చిన విద్యుత్తుకు మూడు రెట్లకు పైగా వేడి వచ్చిందని ఆ అక్టోబరులో నివేదిక ఇచ్చారు. వేడిని నీటిలోకి పట్టి కొలవలేదు. అల్యూమినా (ఒక రకం పింగాణీ) గొట్టం బయటి ఉపరితలాన్ని థర్మల్ కెమెరాతో చూసి, ఆ ఉష్ణోగ్రత నుంచి ఎంత వేడి బయటికి పోతుందో లెక్కగట్టారు. ఆ కెమెరా చూసేది 7.5 నుంచి 13 మైక్రాన్ల మధ్య కాంతిని. వేడెక్కిన అల్యూమినాకు ఆ పట్టీలో ఎమిసివిటీ (ఉపరితలం ఎంత బాగా వికిరణం వెదజల్లుతుందో చెప్పే, 0 నుంచి 1 లోపు అంకె) 0.9 దగ్గర ఉంటుంది. అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి చూసే మొత్తం ఎమిసివిటీ మాత్రం ఆ వేడి దగ్గర సుమారు 0.4కి దిగుతుంది. కెమెరాలో పెట్టాల్సింది మొదటిది. పెట్టింది రెండోది.

దాని ఫలితం ఎంతో మీరే లెక్కవేసుకోవచ్చు. గొట్టం నిజంగా 750 డిగ్రీల సెల్సియస్‌లో ఉందనుకోండి. 10 మైక్రాన్ల దగ్గర ప్లాంక్ సూత్రం వేసి, 0.9 ఉన్నచోట 0.4 అని కెమెరాకు చెబితే అది సుమారు 1,395 డిగ్రీలు చూపిస్తుంది. కెల్విన్‌లో 1,023 ఉన్నది 1,668 అయింది. వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక మిగతావన్నీ అలాగే ఉంచితే ఆ వాటా ఏడు రెట్లవుతుంది. గాలికి పోయే వేడి, ఎమిసివిటీలో మార్పులు కలిపితే ఈ పెరుగుదల కొంత తగ్గుతుంది గానీ, మూడు రెట్ల 'అదనపు' వేడి పుట్టించడానికి అది చాలు. ఎమిసివిటీని సరిచేసి మళ్లీ లెక్కగట్టినవారికి నిష్పత్తి ఒకటి దగ్గరికి దిగింది. ఆ బృందం డమ్మీ రన్ చేయకపోలేదు. చేసింది, కానీ 500 వాట్లలోపే, గొట్టం ఉపరితలం 450 డిగ్రీల దగ్గర ఉండగానే ఆపేసింది. అసలు పరీక్ష నడిచింది 800, 900 వాట్ల దగ్గర. డమ్మీని కూడా అక్కడిదాకా తీసుకెళ్లి ఉంటే, మామూలు హీటరు కూడా మూడింతలు ఇస్తున్నట్టు కనబడి, తప్పు ఆ రోజే బయటపడేది.

అందుకే థర్మల్ కెమెరాను వేడి ఎక్కడ కారిపోతుందో వెతకడానికి వాడండి, వాట్లు లెక్కించడానికి వాడకండి. వాట్లకు నీళ్లే నమ్మకమైనవి.

నీటితో కొలవడంలోనూ ఒక పెద్ద గొయ్యి ఉంది, అది ఆవిరి. గంటకు 10 కిలోల నీరు 30 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి, బయట థర్మామీటర్ 100 చూపిందనుకోండి. నీళ్లు మరిగే స్థాయికి చేరి అలాగే బయటికొస్తే ఖర్చయిన వేడి 0.81 కిలోవాట్లు. అన్నీ పొడి ఆవిరిగా మారితే 7.1 కిలోవాట్లు. థర్మామీటర్‌కు రెండూ ఒకటే. 2011 జనవరిలో బొలోన్యాలో జరిగిన ఇ-క్యాట్ ప్రదర్శనలో నీళ్లన్నీ ఆవిరయ్యాయన్నదే లెక్కకు పునాది. ఆవిరి పొడిగా ఉందనడానికి చూపిన ఆధారం గాలిలో తేమ కొలిచే ప్రోబ్. ఆ ప్రోబ్ ఈ పనికి రాదు. ఆవిరి, నీటి తుంపర కలిసి పోతున్న గొట్టంలో పరిమాణం ప్రకారం 98 శాతం ఆవిరే ఉన్నా, బరువు ప్రకారం 97 శాతం నీళ్లే ఉండొచ్చు, ఎందుకంటే వాతావరణ పీడనం దగ్గర ఒక కిలో ఆవిరి ఒక కిలో నీటికన్నా సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. గొట్టం చివర బుసబుసలాడే తెల్లని పొగ కూడా ఏ సాక్ష్యమూ కాదు.

"వంద దాటి 101 డిగ్రీలు చూపుతోంది, అంటే పొడి ఆవిరే" అన్న వాదన మీకు తప్పక వినబడుతుంది. గొట్టంలో ఎదురు పీడనం 3.6 కిలోపాస్కల్స్ పెరిగితే చాలు, మరిగే స్థానం ఒక డిగ్రీ పైకి జరుగుతుంది. అంటే బయటికెళ్లే హోస్ ఎక్కడో వంగి, అందులో 37 సెంటీమీటర్ల నీటి నిలువు నిలిస్తే సరిపోతుంది. పైగా ఊరిని బట్టి మరిగే స్థానమే మారుతుంది. విశాఖలో 100 అయితే, సముద్ర మట్టానికి 540 మీటర్ల పైనున్న హైదరాబాద్‌లో 98 చిల్లర. ఆవిరి గొట్టంలో ఉష్ణోగ్రత చెబితే పీడనం కూడా చెప్పాలి. అది లేని పట్టికను వెనక్కి పంపండి.

యంత్రం ఆవిరి ఇస్తుందంటే ఆ ఆవిరిని చల్లటి నీటి డ్రమ్ములో ముంచండి. ఇంతకన్నా సులువైన, మోసపోని పద్ధతి మాకు తెలియదు. 200 లీటర్ల డ్రమ్ముకు చుట్టూ రాక్‌వూల్ (వేడి పోకుండా ఆపే రాతి నార) చుట్టి, కాటా మీద పెట్టి, యంత్రానికి వెళ్లే ట్యాంకులోంచే 100 కిలోల నీరు పోయండి. ఆవిరి గొట్టం చివరను రంధ్రాలు వేసి అడుగుదాకా దించండి, మూత పెట్టి నీళ్లను కలుపుతూ ఉండండి. 28 డిగ్రీల నీరు 53కి చేరి, బరువు 104.25 కిలోలైందనుకుందాం. వచ్చిన వేడి 104.25 × 4.18 × 25, అంటే సుమారు 10,900 కిలోజౌళ్లు. దీనికి 18 నిమిషాలు పడితే 10 కిలోవాట్లు. ఆవిరి తడిదా పొడిదా అన్న చర్చ అవసరమే లేదు, పైగా జవాబు దానంతటదే వస్తుంది. 4.25 కిలోలకు ఇంత వేడి వచ్చిందంటే అది దాదాపు పొడి ఆవిరి. అదే 25 డిగ్రీలకు 8 కిలోలు చేరితే అందులో సగం నీళ్లు. ఇనుప డ్రమ్ము తాగే వేడిని కూడా కలపండి. 18 కిలోల డ్రమ్ముకు అది సుమారు 220 కిలోజౌళ్లు, రెండు శాతం. ఒక జాగ్రత్త తప్పనిసరి: యంత్రం ఆపిన క్షణంలో గొట్టంలోని ఆవిరి కుంచించుకుపోయి డ్రమ్ములోని నీటిని వెనక్కి లాగుతుంది. ఆ చల్లటి నీరు ఎర్రగా కాలిన లోహాన్ని తాకితే పెద్ద ప్రమాదం. డ్రమ్ము పైన, గొట్టంలో గాలిని లోనికి విడిచే వాల్వు బిగించకుండా మొదలుపెట్టవద్దు.

ఆవిరి దాకా పోనివ్వకుండా కొలిచే వీలుంటే ఇంకా మంచిది. ప్రవాహం పెంచండి, నీరు 10 డిగ్రీలే వేడెక్కనివ్వండి. ఒక కిలోవాట్‌కు నిమిషానికి 1.43 కిలోల నీరు అవసరం. మేడ మీది ట్యాంకునుంచి నేరుగా తీసుకోకండి. ఎండకు మధ్యాహ్నం ఆ నీరు గంట గంటకూ వేడెక్కుతుంది, మట్టం తగ్గుతుంటే ప్రవాహమూ మారుతుంది. సంపు నుంచి చిన్న డబ్బాలోకి పంపు చేసి, ఆ డబ్బా ఎప్పుడూ పొంగి పొర్లేలా ఉంచి, దాని అడుగునుంచి యంత్రానికి పంపండి. అప్పుడు మట్టం, పీడనం స్థిరంగా ఉంటాయి. ప్రవాహాన్ని బయటికొచ్చే నీటిని బకెట్‌లో పట్టి, కాటా, స్టాప్‌వాచ్‌తోనే కొలవండి. పది నిమిషాలకు 14.3 కిలోలు వస్తుందంటే, 20 గ్రాముల తేడా పెద్ద లెక్క కాదు. గొట్టంలోని ఫ్లో మీటర్ ప్రవాహం నిలకడగా ఉందో లేదో చూసుకోవడానికి మాత్రమే. గొట్టం నిండుగా లేకుండా సగం నీళ్లు, సగం గాలితో పోతుంటే చాలా ఫ్లో మీటర్లు ఎక్కువే చూపిస్తాయి. ఒక మెగావాట్ ఇ-క్యాట్ ప్లాంటు తగాదా 2016లో అమెరికా కోర్టుకు ఎక్కినప్పుడు ఫ్లో మీటరును ఎక్కడ బిగించారన్నది వాదనల్లో ఒకటి.

ఉష్ణోగ్రతకు కె-టైప్ థర్మోకపుల్ (రెండు లోహపు తీగలు కలిపిన మామూలు సెన్సర్) ఎందుకు చాలదో చెప్పాలి. మామూలు తరగతి కె-టైప్‌కు అనుమతించిన తేడా 2.5 డిగ్రీలు. మీరు కొలిచేదే 10 డిగ్రీల తేడా అయినప్పుడు రెండు సెన్సర్లు ఎదురెదురు దిక్కుల్లో తప్పితే సగం వేడి గాలిలోంచి పుడుతుంది. నాలుగు తీగల పీటీ-100 (ప్లాటినం నిరోధంతో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్), క్లాస్-ఏ జత తీసుకోండి. రెండింటినీ ఒకే ఫ్లాస్కులోని నీటిలో ముంచి, 25, 35, 45 డిగ్రీల దగ్గర వాటి మధ్య తేడా రాసుకోండి. పరీక్ష సగంలో రెండింటినీ ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. మార్చగానే ఫలితం మారితే ఆ మార్పులో సగం సెన్సర్ల తప్పే. సెన్సర్ కొన నీటి మధ్యలో ఉండాలి, దాని మందానికి కనీసం పది రెట్ల పొడవు నీటిలో మునగాలి, ముందు ఒకటి రెండు వంపులు పెట్టి నీళ్లు కలిసేలా చూడాలి. సెన్సర్‌ను ఇత్తడి ఫిట్టింగ్ బయట టేపుతో అంటిస్తే అది నీటి వేడిని కాకుండా ఆ లోహం వేడిని చదువుతుంది. 2011 అక్టోబరులో ఇ-క్యాట్ పరీక్షపై వచ్చిన గట్టి విమర్శ ఇదే: నీరు బయటికొచ్చే చోట ఉన్న థర్మోకపుల్, మరిగే ఆవిరి లోపలికొచ్చే చోటుకు మరీ దగ్గరగా ఉంది.

ఇప్పుడు డమ్మీ రన్. 200, 400, 600, 800, 1,000 వాట్ల మెట్లుగా ఎక్కండి, మళ్లీ అవే మెట్లు దిగండి. ప్రతి మెట్టు దగ్గర యంత్రపు టైమ్ కాన్‌స్టంట్‌కు (ఉష్ణోగ్రత మార్పులో సుమారు 63 శాతం పూర్తవడానికి పట్టే సమయానికి) అయిదు రెట్ల సేపు ఆగండి. అది 20 నిమిషాలైతే మెట్టుకు 100 నిమిషాలు. విసుగు పుట్టించే పని ఇది, అయినా తప్పదు. ఇచ్చిన 1,000 వాట్లకు నీటిలో 960 దొరికితే మిగతా 40 గోడల గుండా పోయిందని అర్థం, దాన్ని సరిచేసే వక్రరేఖ మీ చేతికొచ్చింది. ఎక్కేటప్పటి, దిగేటప్పటి అంకెలు వేరైతే యంత్రం ఇంకా కుదుటపడలేదు, లేదా రాక్‌వూల్ తడిసింది. 1,000కి 1,030 వస్తే అక్కడే ఆపేయండి. హీటర్ కాయిల్ అద్భుతాలు చేయదు, మీటర్లే తప్పు. అసలు పరీక్ష అయ్యాక డమ్మీని మరోసారి నడపండి. మొదటిసారికీ దీనికీ తేడా వస్తే మధ్యలో ఏదో జరిగిందన్నమాట.

ఇందులోనే ఒక చిన్న ఉచ్చు ఉంది. నికెల్, హైడ్రోజన్ యంత్రాలు తెచ్చేవారు డమ్మీలో ఆర్గాన్ నింపి, అసలు దానిలో హైడ్రోజన్ నింపి, లోపలి థర్మోకపుల్ ఉష్ణోగ్రతలను పోల్చి చూపుతారు. వేడిని మోసే శక్తి హైడ్రోజన్‌కు మీటర్-కెల్విన్‌కు సుమారు 0.18 వాట్లు, ఆర్గాన్‌కు 0.018. పదింతల తేడా. వాయువు మారితే అదే వాటేజీకి లోపల ఉష్ణోగ్రతలన్నీ మారిపోతాయి, వేడి మాత్రం మారదు. డమ్మీలో కూడా హైడ్రోజనే ఉంచండి, కుదరకపోతే 0.15 దగ్గరుండే హీలియం. లోపలి ఉష్ణోగ్రతలతో వాదించేవారిని నీటి దగ్గరికి తీసుకురండి.

విద్యుద్విశ్లేషణ సెల్స్‌లో లెక్క వేరు. 1989 మార్చి 23న ఉటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు కోల్డ్ ఫ్యూజన్ అని ప్రకటించినది ఈ రకమే. అదే ఏడు మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పి.కె. అయ్యంగార్ ఆధ్వర్యంలో పలు బృందాలు అణు చర్యకు గుర్తులైన న్యూట్రాన్లు, ట్రిటియం కోసం వెతికాయి. సెల్ తెరిచి ఉంటే డ్యుటీరియం, ఆక్సిజన్ వాయువులు తమతోపాటు శక్తిని మోసుకుపోతాయి. భారజలానికి ఆ లెక్క 1.54 వోల్టులు, మామూలు నీటికి 1.48. సెల్‌కు 4 వోల్టులు, 0.5 ఆంపియర్లు ఇస్తే 2 వాట్లు వెళ్లింది. వాయువులు 0.77 వాట్లు (1.54 × 0.5) తీసుకెళితే సెల్‌లో 1.23 మిగలాలి. ఆ వాయువులు లోపలే మళ్లీ కలిసిపోతే 2 వాట్లూ అక్కడే వేడవుతాయి, 63 శాతం 'అదనం' కనబడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక ఆంపియర్-గంటకు 0.37 గ్రాముల భారజలం తరిగిపోవాలి. 0.5 ఆంపియర్లతో రోజంతా నడిస్తే 4.5 గ్రాములు. మూడే గ్రాములు తిరిగి పోయాల్సి వచ్చిందంటే మూడో వంతు లోపలే కలుస్తోంది. సెల్‌ను మూసి, పైన ఉత్ప్రేరకం పెట్టి వాయువులన్నీ కలిసేలా చేస్తే ఈ తలనొప్పి ఉండదు. కానీ మూసిన సెల్‌కు ప్రెజర్ రిలీఫ్ వాల్వు, చుట్టూ కవచం లేకుండా గదిలో మనుషులు ఉండకూడదు. 1992 జనవరిలో కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ ప్రయోగశాలలో ఇలాంటి సెల్ పేలి ఒక పరిశోధకుడు ప్రాణాలు కోల్పోయారు.

వేడి కొలత ఎంత బాగున్నా, ఇచ్చిన కరెంటు తక్కువ చూపితే అదే 'అదనపు శక్తి' అవుతుంది. ట్రయాక్ డిమ్మర్‌తో (ఏసీ తరంగంలో కొంత భాగాన్ని కోసి కరెంటు తగ్గించే పరికరంతో) తరంగాన్ని 90 డిగ్రీల దగ్గర కోస్తే నిజమైన ఆర్ఎంఎస్ విలువ (వేడి పుట్టించే సత్తాను చూపే విలువ) పూర్తిదానిలో 71 శాతం. సగటు మీద పనిచేసే చవక క్లాంప్ మీటర్ 50 శాతమే చూపిస్తుంది. దాన్ని వర్గం చేసి నిరోధంతో గుణిస్తే, పోయిన శక్తి సగమైతే మీ కాగితం మీద పావు వంతు. యంత్రం రెట్టింపు ఇస్తున్నట్టు కనిపిస్తుంది. త్రీ-ఫేజ్ యంత్రంలో మూడు క్లాంపుల్లో ఒకటి తిరగబడితే దాని వాట్లు మైనస్ అవుతాయి, లోడ్ సమంగా ఉంటే మీటరు నిజంలో మూడో వంతే చూపిస్తుంది. అచ్చంగా మూడు రెట్ల యంత్రం తయారు. మామూలు ఏసీ క్లాంపుకు డీసీ అసలే కనబడదు. అందుకని ముందుగా ఒక ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించండి, అది డీసీని దాటనివ్వదు. కంట్రోల్ బాక్సు, పంపు, ఫ్యాను, కంప్యూటర్ అన్నీ దాని తరువాతే ఉండాలి. మీ సొంత పవర్ ఎనలైజర్‌ను దాని ముందు, గోడ సాకెట్ వైపు బిగించండి. ఎర్త్, న్యూట్రల్ వైర్లలో ఎంత పోతోందో కూడా చూడండి. ఆవిష్కర్త తెచ్చిన మీటర్లతో కొలిచిన పరీక్షను పరీక్షగా లెక్కించవద్దు.

ఇంకో చిక్కు నిల్వ ఉన్న శక్తి. 10 కిలోల ఉక్కు 500 డిగ్రీల దగ్గర ఉంటే అందులో సుమారు 24 లక్షల జౌళ్లు దాగి ఉంటాయి, స్విచ్ తీసేశాక కూడా గంటకు పైగా 600 వాట్లు ఇవ్వగలదు. "కరెంటు తీసేసినా నడుస్తోంది" అనే మాటకు చాలాసార్లు అర్థం ఇదే. రసాయన శక్తిని తోసిపుచ్చడానికి మీరు ఒక గట్టి గీత గీయొచ్చు: విప్పి చూడనివ్వని భాగం బరువును కిలోకు 50 మెగాజౌళ్లతో గుణించండి. పెట్రోలు కూడా అంత ఇవ్వదు. అయిదు కిలోల పెట్టెకు 250 మెగాజౌళ్లు. అదనం 3 కిలోవాట్లు అంటున్నారంటే, దాదాపు 23 గంటలు నిలకడగా అలాగే రావాలి, ఆ తరువాతనే మాట్లాడాలి. పెట్టెలో హైడ్రోజన్ ఎంత నింపారో విడిగా లెక్కవేయండి, కిలోకు 142 మెగాజౌళ్లు చొప్పున. చుట్టూ గాలిలోంచి వేడి లాక్కునే యంత్రం మూడు రెట్లు ఇవ్వడంలో వింత లేదు, అది హీట్ పంపు. చల్లబడే భాగం ఎక్కడైనా ఉందేమో చేత్తో తడిమి చూడండి.

ఈ పట్టుదల ఎవరినీ నిరుత్సాహపరచడానికి కాదు. గూగుల్ సంస్థ 2015 నుంచి సుమారు 30 మంది పరిశోధకులతో కోల్డ్ ఫ్యూజన్ అనే ఈ పాత ప్రశ్నను తిరిగి తవ్వించి, అదనపు వేడికి ఆధారం దొరకలేదని 2019లో 'నేచర్' పత్రికలో రాసింది. అధిక ఉష్ణోగ్రతల్లో పనిచేసే మంచి కెలోరీమీటర్లు ఆ పనిలోనే తయారయ్యాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఆర్పా-ఈ 2023లో ఈ రంగంలో ఎనిమిది ప్రాజెక్టులకు కోటి డాలర్లు కేటాయించింది. ప్రశ్న బతికే ఉంది కాబట్టే కొలత సరిగ్గా ఉండాలి.

చివరిగా పద్ధతి. మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి, ఇరువైపులా సంతకాలు చేయించండి: మా కొలతలో అనిశ్చితి ఇంత, ఉదాహరణకు మూడు శాతం, అదనం ఇంత దాటితేనే ఉందంటాం, ఇంతసేపు నిలవాలి. కుదిరితే రెండు ఒకేలాంటి గొట్టాలు, ఒకటి నిజమైనది, ఒకటి డమ్మీ, ఏది ఏదో చీటీ తీసిన మూడో మనిషికే తెలిసేలా నడిపించండి. స్విచ్‌లు, వాల్వులు తాకేది మీ మనుషులే. డేటా లాగర్ ముడి అంకెలు, ప్రతి సెన్సర్ ఎక్కడుందో చూపే ఫోటోలు, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ప్రయోగశాల ఇచ్చిన కాలిబ్రేషన్ పత్రాలు నివేదికకు జతచేయండి.

పూర్తి వాటేజీ దాకా డమ్మీ రన్ కుదరదని, అది వ్యాపార రహస్యమని యజమాని అంటే మర్యాదగా లేచి రండి. అప్పుడు 'అదనపు వేడి కనబడింది' అని గానీ, 'కనబడలేదు' అని గానీ రాయవద్దు. 'పరీక్ష జరగలేదు' అని తేదీతో సహా రాసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

ఇట్లు,
ఉష్ణ కొలతల పనిలో ఉన్న కొందరు ఇంజనీర్లు, అధ్యాపకులు